వాలర్‌బర్న్‌లో చలికాలపు ఆఖరి కచేరీ

సిడ్నీ శివారు టూంగాబీ స్టేషన్‌లో ఆదివారం ఉదయం ఏడున్నర బండి కోసం నిలబడేవాళ్ళు రెండు రకాలు. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్ళు, పొద్దుటి షిఫ్టుకి బయల్దేరినవాళ్ళు. నేను ఆ రెండిట్లోనూ చేరను. రెండు స్వెట్టర్ల మీద కోటు తొడుక్కుని, కొబ్బరి లౌజు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, నాలుగు గంటల దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో కచేరీ వినడానికి వెళ్తున్నాను. అదీ ఉచిత కచేరీ.

"ఉచితమని నువ్వంటున్నావు. రైలు టికెట్టు, బస్సు టికెట్టు, కొబ్బరికాయలు, ఇవన్నీ ఎవరిస్తున్నారు?" అని మా ఆయన మే నెల నుంచీ అడుగుతూనే ఉన్నారు. నేను జవాబు చెప్పడం మానేసి చాలా రోజులైంది.

వాలర్‌బర్న్ పేరు సిడ్నీలో ఉండేవాళ్ళకే సరిగా తెలీదు. కొండలు దాటాక లిత్‌గో వస్తుంది, అక్కణ్ణించి బస్సులో గంట. ఒక పెద్ద రోడ్డు, రెండు పబ్బులు, ఒక బేకరీ, గొర్రెల మందులమ్మే కొట్టు, పాతకాలపు రాతి హాలు. ఊరంటే అంతే. ఆ హాల్లో మే నుంచి సెప్టెంబరు దాకా, అంటే ఇక్కడి చలికాలమంతా, నెలకో ఆదివారం మధ్యాహ్నం నలుగురు కూర్చుని వాయిస్తారు. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా, మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే చెల్లో. మైకు ఉండదు, టికెట్టు ఉండదు. తలుపు తీసే ఉంటుంది, వెళ్ళి కూర్చోవడమే. మా పేట లైబ్రరీ గోడకి అంటించిన కాగితంలో ఇది చదివినరోజున నాకు అన్నం సయించలేదు. ఎందుకంటే నేను విజయనగరంలో పన్నెండేళ్ళు వయొలిన్ నేర్చుకున్నదాన్ని. దాన్ని ముట్టుకుని రెండేళ్ళు దాటింది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ ప్రళయం వస్తుందని లోకమంతా భయపడుతున్న రోజుల్లో, ఆ ప్రళయాన్ని ఆపడానికి మా ఆయన్ని ఒక బ్యాంకు వాళ్ళు ఇక్కడికి పిలిపించుకున్నారు. ఆర్నెల్ల పని అన్నారు. ఆర్నెల్లేగా అని నేను చేతిసామానులో ప్రెషర్ కుక్కర్ పట్టుకొచ్చాను, వయొలిన్ విజయనగరంలోనే వదిలేశాను. డిసెంబరు ఆఖరి రాత్రి ఆయన ఆఫీసులో కాపలా కూర్చున్నారు, నేను టీవీలో బాణసంచా చూస్తూ కూర్చున్నాను. ప్రళయం రాలేదు. పని మాత్రం ఇంకా వస్తూనే ఉంది, ఆదివారాలు కూడా. అందుకే ఈ ప్రయాణాలు నాకు ఒంటరి ప్రయాణాలు.

ఈసారి ప్రయాణం మునుపటి నాలుగింటిలాంటిది కాదు. మా పక్క పేట గిరావీన్‌లో పప్పులూ మసాలా సామాన్లూ అమ్మే కలీమ్ భాయ్‌ది గుంటూరు. ఆయన ఎల్లుండి మంగళవారం విమానం ఎక్కి ఊరికి వెళ్తున్నారు, నెల తర్వాత తిరిగొస్తారు. పదిరోజుల క్రితం కందిపప్పుకని వెళ్తే ఆయనే కదిపారు. "నీ ఫిడేలు అక్కడే ఉండిపోయిందంటగా అమ్మా, మీ ఆయన చెప్పాడు. బెజవాడ దాకా ఎవురిచేతన్నా పంపిచ్చమను. నేను పట్టుకొస్తా. లగేజీలో ఎయ్యనులే, ఒళ్ళో కూచోబెట్టుకుంటా" అన్నారు. ఆ రోజు నేను పప్పు సంచి కొట్లోనే మర్చిపోయి ఇంటికొచ్చేశాను.

ఆ సంతోషంలో కిందటి ఆదివారం విజయనగరంలో ఉన్న అక్కకి ఫోన్ చేశాను. వయొలిన్ అక్క ఇంట్లోనే ఉంది. నేను విషయం ఎత్తేలోగా అక్కే అందుకుంది.

"ఏటీ అనుకోకపోతే ఓ మాట అడుగుతానే. నీ వయొలిన్ ఊరికే పెట్టెలో ఉంది కదా. మేష్టారి అబ్బాయి నాకు నేర్పుతానన్నాడు. ఈ వయసులో దీనికేటి సరదా అంటావేమో. కొత్తది కొంటానంటారు మీ బావగారు. కొత్తది నాకెందుకే, దాని గొంతయితే నాకు తెలుసు. నీకు తెప్పించుకునే ఆలోచనుంటే వద్దులే, మర్చిపో."

అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీలతో అమ్మకి తీరికుండేది కాదు కాబట్టి, పెళ్ళయి పక్క వీధికి వెళ్ళాక కూడా, వంటిల్లు అక్కదే. వయొలిన్ మేష్టారు వచ్చే వేళకి నేను చాప మీద కూర్చునేదాన్ని, అక్క పొయ్యి దగ్గర ఉండేది. అది అన్యాయమని ఎవరికీ తోచలేదు, అక్కతో సహా. నాకు తెలిసి అక్క నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు. నేనేమన్నాను? "చూసి చెప్తానక్కా, వచ్చే ఆదివారం చేస్తాను" అన్నాను.

ఆ ఆదివారం ఇవాళే. సాయంత్రం లిత్‌గోలో బండి మారేటప్పుడు అక్కకి ఫోన్ చెయ్యాలి. అక్కడప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళ. వయొలిన్ నువ్వు తీసుకో అనాలి, లేదా నాకు పంపించు అనాలి. "ఇక్కడ కొట్లో ఇంకోటి కొనుక్కో, గొడవ వదిలిపోతుంది" అంటారు మా ఆయన. ఆయన దగ్గర అన్నిటికీ పరిష్కారం ఉంటుంది. నాకు కావలసింది ఒక వయొలిన్ కాదు. నా పదో ఏట మేష్టారు తన చేత్తో తీగలు కట్టి ఇచ్చిన ఆ వయొలిన్ కావాలి. అక్కకీ అదే కావాలి.

పారమట్టాలో దిగి కొండల బండి ఎక్కాను. ఒలింపిక్స్ దగ్గరపడ్డాయి కదా, స్టేషనంతా జెండాలు, గోడలకి కొత్త రంగు. వెళ్ళదలచుకున్నవాళ్ళు ఆదివారం రానూపోనూ టికెట్టు ఒకటే తీసుకుంటే చవక. ఇరవై డాలర్ల నోటిస్తే చిల్లర తిరిగొచ్చింది. బండికి రెండంతస్తులు. పైకి ఎక్కి కిటికీ పక్కన కూర్చోవాలి. సీటు వీపుని తోస్తే అటుదిటు తిరుగుతుంది, వెనక్కి చూస్తూ ప్రయాణం చెయ్యక్కర్లేదు.

పెన్రిత్ దగ్గర నది దాటుతుండగా ఎదురు సీట్లో కుర్రాడు నా డబ్బా వైపు రెండుసార్లు చూసి, ఇక ఆగలేక అడిగాడు. "అక్కా, తెలుగోళ్ళా మీరు? ఆ స్టీలు డబ్బా చూసే అనుకున్న." పేరు శ్రీకాంత్, కరీంనగర్. మెల్‌బోర్న్‌లో క్లేటన్‌లో ఉండి చదివాడట, ఇప్పుడు పారమట్టాలో కాంట్రాక్టు పని. స్నేహితులు ముందు బండిలో కొండల మీది కటూంబా చూడ్డానికి వెళ్ళిపోయారు, తనకి మెలకువ రాలేదు.

"మీరేడికి అక్కా?"

"లిత్‌గో దాటి ఇంకో ఊరు. అక్కడ కచేరీ ఉంది. వయొలిన్లు వాయిస్తారు."

"ఎవరు పాడ్తరు?"

"ఎవరూ పాడరు."

"పాట లేకుంటే మరి దేనికి చప్పట్లు కొడ్తరక్కా?" అన్నాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నాకు నవ్వొచ్చి డబ్బా మూత తీశాను. రెండు లౌజులు తిని, "మంచిగున్నయ్. కానీ మా అమ్మ చేసేటట్టు లేవు. ఆమె బెల్లం ఏస్తది" అని, మూడోది తీసుకుని కిటికీ వైపు తిరిగాడు. కటూంబాలో దిగేటప్పుడు చెయ్యి ఊపాడు.

అతనితోపాటే బండి సగం ఖాళీ అయింది. అక్కణ్ణించి దారి బాగుంటుంది. తెల్లటి మానులున్న యూకలిప్టస్ చెట్లు, వాటి మధ్య విరగబూసిన పసుపుపచ్చ వాటిల్ పూలు, లోయలో నీలంగా పొగమంచు. మౌంట్ విక్టోరియా దాటాక వరసగా సొరంగాలు. ఒక్కో సొరంగంలో కిటికీ అద్దంలో నా మొహం కనబడుతుంది. అది కోరిక నిండిన మొహం, నాకే చూడబుద్ధి కాలేదు. అక్క అడిగింది, ఇచ్చెయ్యొచ్చు కదా అనుకుంటాను. వెంటనే కలీమ్ భాయ్ ఒళ్ళో వయొలిన్ పెట్టె కనబడుతుంది.

లిత్‌గోలో దిగగానే చలి మొహాన కొట్టింది. స్టేషను బయటే బస్సు సిద్ధంగా ఉంటుంది, ముందుగా ఫోన్ చేసి సీటు చెప్పి ఉంచుకోవాలి. డ్రైవరుకి ఇప్పటికి నేను బాగా తెలుసు. "ఈ నెల కరకరలాడేవా, మెత్తటివా?" అని అడిగాడు.

దానికో కథ ఉంది. మే నెలలో మొదటిసారి వెళ్ళినప్పుడు నేను చేసిన నిర్వాకాలు ఆ ఊళ్ళో ఇంకా చెప్పుకుంటారు. పాశ్చాత్య కచేరీలో గాలి పీల్చడం కూడా నెమ్మదిగా పీలుస్తారు. నాకేం తెలుసు? విజయనగరంలో కచేరీకి వెళ్ళినట్టే వెళ్ళి రెండో వరసలో కూర్చుని, తొడ మీద తాళం వేశాను. ఒకచోట వయొలిన్ పైకెళ్ళి సన్నగా నిలిచేసరికి "ఆహా" అన్నాను. గట్టిగానే అన్నాను. హాలు హాలంతా తిరిగి చూసింది. అది చాలనట్టు, ఒక భాగం ముగియగానే నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను. నాలుగు భాగాలూ అయ్యాకే కొట్టాలట. జూన్‌లో, ఊరికే వింటున్నాం కదా, విరామంలో టీకి ఏమైనా పట్టుకెళ్దామని చేగోడీలు తీసుకెళ్ళాను. అందరికీ నచ్చాయి. నచ్చి, గుప్పెట్లో పట్టుకుని రెండో సగానికి లోపలికి తీసుకెళ్ళారు. అసలే నెమ్మదైన పాట. ముప్ఫైమంది పళ్ళ కింద చేగోడీలు. జూలై నుంచి మెత్తటివి చేస్తున్నాను.

ఆ మొదటిరోజునే హెలెన్ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. హెలెన్ మొదటి వయొలిన్ వాయిస్తుంది. అరవై దాటింది, వారమంతా చుట్టుపక్కల బడుల్లో పిల్లలకి నేర్పుతుంది. "నువ్వు ఏదో లెక్కపెడుతున్నావు. ఏమిటది?" అని అడిగింది. ఆది తాళం అని చెప్పి వేసి చూపించాను. ఆ ఆహాకి అర్థమేమిటని అడిగితే, బాగుందని మా ఊళ్ళో వాయించేవాళ్ళకి అప్పటికప్పుడే చెప్పేస్తాం అన్నాను. హెలెన్ "నలభై ఏళ్ళుగా వాయిస్తున్నాను. ఎవరూ మధ్యలో చెప్పలేదు" అంది.

ఊరు చేరేసరికి పన్నెండయింది. బేకరీలో చీజ్ శాండ్‌విచ్ కొనుక్కుని ఎండలో బెంచీ మీద కూర్చుని తిన్నాను. శాకాహారులకి ఆ ఊళ్ళో దొరికేది అదొక్కటే, ఆకలితో వెళ్ళకండి. రెండింటికి కచేరీ. హాల్లో డెబ్భై ఎనభై మంది ఉంటారు, సగానికి సగం తలలు నెరిసినవే. ఆఖరి కచేరీ కనక గుమ్మం దగ్గర ఎవరో వాటిల్ కొమ్మలు కట్టారు. టీ సంగతి చూసే డోరతీ నా డబ్బా అందుకుని, తలుపు దగ్గర గాలి కొడుతుందని నన్ను హీటరు పక్కకి మార్చింది.

రెండో సగంలో ఒక నెమ్మదైన భాగం వాయించారు. మన కచేరీలో తంబురా వెనక మోగుతూనే ఉంటుంది, పాట ఎంత దూరం పోయినా దానికి ఇల్లులాంటి షడ్జమం ఎక్కడుందో చెవికి తెలుస్తుంది. ఇక్కడ ఆ ఆసరా ఉండదు. వయొలిన్ ఒక స్వరం మీద ఆగుతుంది, ఇదే ఇల్లనుకుంటాను, కింద చెల్లో కదిలిపోతుంది, ఇల్లు మారిపోతుంది. మళ్ళీ ఇంకోచోట ఆగుతుంది. అలా ఎంతసేపు తిరిగిందో. నా ఎడమచేతి వేళ్ళు కోటు జేబులో వాటంతటవే కదులుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. పన్నెండేళ్ళు రోజూ చేసిన పని నా చేతుల్లోంచి వెళ్ళిపోతోందని, అది నాకు కావాలని, అక్కకే కాదు ఎవరికీ ఇవ్వలేనని ఏడుపొచ్చింది.

కచేరీ అయ్యాక టీ. ఈ మాట అడగాలని లిత్‌గో నుంచీ లోపల్లోపల అనుకుంటూ వచ్చాను. హెలెన్ వయొలిన్ పెట్టెలో పెట్టబోతుంటే వెళ్ళి అడిగేశాను.

"ఒక్క ఐదు నిమిషాలు నాకిస్తారా?"

"ఐదు నెలలుగా నువ్వెప్పుడడుగుతావా అని చూస్తున్నాను" అని చేతికిచ్చింది.

బూట్లు విప్పాను. కోటు మడిచి నేలమీద వేసుకుని కూర్చున్నాను. కుడికాలు ముందుకి జరిపి వయొలిన్ తలని మడమ మీద ఆనించాను. టీ కప్పులతో నలుగురూ చుట్టూ మూగారు. వయొలిన్‌ని అలా కాలి మీద పెట్టడం చూసి ఒకావిడ "అయ్యో, గీసుకుపోదూ?" అంది. తీగలు మీటి చూశాను. వాళ్ళు నాలుగు తీగల్నీ నాలుగు వేరువేరు స్వరాలకి కడతారు. మనకి స, ప, మళ్ళీ స, ప. నా చెయ్యి ఎవర్నీ అడక్కుండా తీగలు బిగించే బిరడాల మీదకి పోయింది. పోయి, తిప్పేసింది.

హెలెన్ "ఓ!" అని చెయ్యి ముందుకి చాపింది. డోరతీ చేతిలో టీకెటిల్ గాల్లో ఆగిపోయింది. మన దగ్గర ఎవరి వాద్యం తీసుకున్నా ముందు శ్రుతి చూసుకోవడం మర్యాద. ఇక్కడ ఇంకొకరి బిరడాలు తిప్పడమంటే ఇంకొకరి కళ్ళజోడు వంచడం లాంటిదట. నేను బిక్కచచ్చిపోయాను. అప్పుడు చెల్లో వాయించే పెద్దాయన కుర్చీ వెనక్కి తిప్పుకుని కూర్చుని, "తిప్పనీ హెలెన్. ఇప్పుడు ఆపితే సగం నీ శ్రుతీ సగం ఆమె శ్రుతీ అవుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. హెలెన్ కూడా కాస్త ఆలస్యంగా నవ్వింది.

మేష్టారు పిల్లల కోసం కళ్యాణి రాగంలో కట్టిన ఒక స్వరజతి ఎత్తుకున్నాను. అది ఎక్కడా అచ్చవలేదు, ఆయన శిష్యులకి తప్ప ఎవరికీ రాదు. మొదట కమాను వణికింది. వేళ్ళు జారడానికి మనం కొబ్బరినూనె రాసుకుంటాం, ఇక్కడ అదెక్కడుంది? లౌజు తిన్న చేతికంటిన జిడ్డే కాస్త ఆదుకుంది. పల్లవి వచ్చింది. గమకం పలికింది, పూర్తిగా కాదు, కానీ నాదే అని గుర్తుపట్టేంత పలికింది. మొదటి చరణం అయింది, రెండోదీ అయింది. నా మొహం మీద కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఇంత సంతోషం నాకు ఈ దేశంలో ఎప్పుడూ కలగలేదు.

మూడో చరణం ఎత్తుకోవాలి. చెయ్యి ఆగిపోయింది.

అయిపోయిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. "కాలేదు" అన్నాను. పాపం, సిగ్గుపడి ఆపేశారు. నేను కమాను తీగ మీద పెట్టి అలాగే కూర్చున్నాను. కాసేపటికి నాకు తెలిసింది ఏమిటంటే, నేను గుర్తుతెచ్చుకోవడం లేదు. ఎదురుచూస్తున్నాను.

ఆ చరణం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోయేదాన్ని. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని నా అంతట నేను ఎత్తుకోలేదు. ఆగిన ప్రతిసారీ వంటింట్లోంచి, పప్పు రుబ్బుతూనో అంట్లు సర్దుతూనో, అక్క ఆ మొదటి ముక్క పాడేది. నేను టక్కున అందుకుని వాయించేసేదాన్ని. మేష్టారు విననట్టు ఊరుకునేవారు. వచ్చినవాళ్ళంతా నన్ను మెచ్చుకునేవారు, అక్క వాళ్ళకి కాఫీలు ఇచ్చేది. ఆ వాయింపులో ఎంత నాదో ఎంత అక్కదో ఇన్నేళ్ళకి, ఈ హాల్లో, ఆ వంటిల్లు లేకపోయేసరికి తెలిసింది.

"ఏమైంది?" అని హెలెన్ నా పక్కన వంగి అడిగింది.

"తర్వాతి ముక్క మా అక్క దగ్గరుంది" అన్నాను.

"అయితే ఫోన్ చేసి అడుగు మరి" అన్నాడు చెల్లో పెద్దాయన, చాలా మామూలుగా, పాలు అయిపోతే కొట్టుకి పంపినట్టు.

ఏడాది ఆఖరి కచేరీ అయ్యాక, కుర్చీలు సర్దేవాళ్ళ కోసం ఆ నలుగురూ ఇంకో చిన్న పాట వాయించడం అక్కడ అలవాటు. నేను చేసిన ఘనకార్యం వల్ల హెలెన్ తీగలు మాటిమాటికీ దిగిపోతున్నాయి. మూడుసార్లు ఆపి బిగించుకుంది. మూడోసారి నావైపు చూసి కమానుతో బెదిరించింది. నేను కుర్చీలు మడుస్తూ క్షమాపణగా నవ్వాను. వెళ్ళొస్తానని చెప్పినప్పుడు, "వచ్చే చలికాలానికి నీ వయొలిన్ తెచ్చుకో. నాది మాత్రం ఇవ్వను" అని గట్టిగా కావలించుకుంది.

బస్సులో వెనక సీట్లో కూర్చున్నాను. గొర్రెల పొలాల మీద ఎండ పొడుగ్గా సాగుతోంది. ఎడమచేతి వేళ్ళ కొసల్లో తీగల గీతలు ఎర్రగా పడ్డాయి, మండుతున్నాయి. పట్టుకోకముందు వయొలిన్ కావాలనిపించింది. పట్టుకున్నాక ఇంకా ఎక్కువ కావాలనిపించింది. ఆ చరణం దగ్గర ఆగినప్పుడే అక్కకిచ్చెయ్యాలని నిశ్చయించుకున్నాను కదా, ఇక మనసు కుదుటపడాలి. పడలేదు. లిత్‌గో చేరేదాకా ఒకటే బెంగ.

స్టేషన్‌లో బండి సిద్ధంగా ఉంది, బయల్దేరడానికి ఇంకా పావుగంట పైనే ఉంది. ప్లాట్‌ఫారం చివర ఫోన్ డబ్బాలోకి దూరి, ఇండియా కార్డు గీకి, ఆ పొడుగాటి నంబరు రెండుసార్లు తప్పు నొక్కి మూడోసారి సరిగ్గా నొక్కాను. అక్కే ఎత్తింది.

"ఏటే, ఎక్కడున్నావు? హోరుమంటున్నాదేటి?"

"రైల్వే స్టేషన్లో ఉన్నానక్కా. చలిగాలి. అన్నాలు తిన్నారా?"

"ఇప్పుడే. ఆనపకాయ పులుసు చేసేను." వయొలిన్ మాట తను ఎత్తదని నాకు తెలుసు.

"వయొలిన్ నువ్వే తీసుకో అక్కా."

అక్క ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్న చప్పుడైంది.

"మరి నీకో?"

"నాకు తర్వాత చూద్దాం."

"మొగమాటానికి అంటన్నావేటే?"

"లేదక్కా. అది నీది కూడా." కలీమ్ భాయ్ సంగతి చెప్పలేదు. రేపు కొట్టుకి వెళ్ళి ఆయనకి ఏదో ఒకటి చెప్పుకోవాలి. "ఇవాళ ఇక్కడ వాళ్ళ వయొలిన్ అడిగి మేష్టారి స్వరజతి వాయించానక్కా. ఆగిపోయాను."

ఎక్కడ ఆగావని అక్క అడగలేదు. అటువైపు ఎవరితోనో "కుళాయి కట్టండి" అంది. గొంతు సవరించుకుంది. పాడింది.

ఆ బండి వెళ్ళిపోయింది. తర్వాతి బండిలో కూర్చుని ఇది రాస్తున్నాను. రైలుపెట్టెలో నేను, నిద్రపోతున్న ఇద్దరు ముసలివాళ్ళు తప్ప ఎవరూ లేరు. కిటికీలో చీకటి, అప్పుడప్పుడు ఓ చిన్న స్టేషను దీపాలు. వాలర్‌బర్న్ వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇంకేం చెప్పను? మే నెలలో మళ్ళీ మొదలవుతాయి. స్వెట్టరు తీసుకెళ్ళండి, తినడానికి మెత్తటివి పట్టుకెళ్ళండి. వాళ్ళ పాటలో నాకు సగం అర్థం కాదు. అర్థమైన సగానికి మా ఊరు గుర్తొస్తుంది. వెళ్ళినవాళ్ళకి ఎవరికి ఏది గుర్తొస్తుందో నేను చెప్పలేను.

నేను మాత్రం వచ్చే చలికాలం కూడా వట్టిచేతులతోనే వెళ్తాను. తలుచుకుంటే ఇప్పుడే దిగులుగా ఉంది. కానీ ఆ ఫోన్‌లో ఒకటి జరిగింది. ఇన్నేళ్ళూ అక్క మొదటి ముక్క పాడగానే నేను లాక్కుని వాయించేసేదాన్ని, అక్క ఆపేసేది. ఇవాళ లాక్కోవడానికి నా చేతిలో ఏమీ లేదు. అక్క ఒక్క క్షణం నాకోసం ఆగింది. నేను అందుకోకపోయేసరికి, తనే చరణం చివరిదాకా పాడింది.